గదుల మాట: ఒక కారు పద్యానికి టీకా తాత్పర్యం

పొద్దు పొడుచు వేళ పోదము కారులో
రెండు రాత్రులుండి రేపు మాపు
కోట గుహలు చూచి కోనలో జలకాడి
గదుల మాట యచటఁ గాంచవచ్చు

ప్రతిపదార్థం: పొద్దు పొడుచు వేళ = అలారం మూడుసార్లు మోగి ఆగాక, టిఫిను ముగించి, సుమారు ఎనిమిదిన్నరకు; కారులోఁ బోదము = ఆలుమగలం ఇద్దరమే వెళ్దాము (పిల్లల్ని అమ్మమ్మగారింట దించిన తర్వాత అని అధ్యాహారం); రెండు రాత్రులుండి = ఏ ఊళ్ళోనో చెప్పకుండా రెండు రాత్రులు గడిపి; రేపు మాపు = ఉదయ సాయంకాలాల్లో; కోట = ఉదయగిరి గాని, గండికోట గాని; గుహలు = భైరవకోన గుహాలయాలు గాని, బెలుం గుహలు గాని; చూచి = ఫోనులో ఫోటోలు తీసి; కోనలో = భైరవకోనలో గాని, పెంచలకోనలో గాని; జలకాడి = నీళ్ళుంటే మునిగి, లేకుంటే కాళ్ళు తడుపుకొని; గదుల మాట = హోటలు, లాడ్జీ, గెస్ట్ హౌసుల సంగతి; అచటన్ = చీకటి పడ్డాక చేరిన ఆ ఊళ్ళో; కాంచవచ్చు = చూసుకోవచ్చు, అనఁగా దొరికితే దొరికినట్టు.

తాత్పర్యం: నెల్లూరు జిల్లా కొండాపురం మండలంలో దసరాకో సంక్రాంతికో ముందు రోజు కారున్న ప్రతి ఇంట్లోనూ పుట్టే పద్యమిది. కర్త ఎవరో తేలలేదు. భర్త అని కొందరు, భార్య అని కొందరు అంటారు. మూడో రోజు ఇల్లు చేరాక మాత్రం ఎవరికి వారు ఎదుటివారిదే అంటారు. పదహారు సూర్యగణాలున్న ఆటవెలది గనక మన మెట్ట ప్రాంతపు ఎండకు ఛందస్సు తగినదే. యతి నాలుగు పాదాల్లోనూ కుదిరింది. కుదరనిది నాలుగో పాదంలోని అర్థం. గది అనేది యాత్ర చివర తగిలించుకునే తోక అని కవి అనుకున్నాడు. యాత్రకు ఇరుసు అదే అని ఈ వ్యాఖ్య పక్షం. రాత్రి ఎక్కడ పడుకున్నామో దాన్ని బట్టే మర్నాడు ఏ గంటకు ఏది కంటబడుతుందో తేలుతుంది. మన సీమలో చూడదగ్గ ప్రతిదానికీ ఒక గంట ఉంది.

ఆ సంగతి దారిలోనే కనబడుతుంది. కవి మనసులోని దారి ఇదని పద్యాన్ని బట్టి ఊహించాలి: కొండాపురం నుంచి ఉదయగిరి, సీతారామపురం మీదుగా వెలికొండలు దాటి పోరుమామిళ్ళ, అక్కణ్ణించి మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, గండికోట. తిరుగు దారి కడప, ఒంటిమిట్ట, సిద్ధవటం, బద్వేలు, ఆత్మకూరు. ఇందులో ఉదయగిరి దుర్గం మూడు వేల అడుగులు దాటిన కొండ. పదిగంటల ఎండలో దాన్ని ఎక్కబోయిన దంపతులు సగంలో కూర్చుని ఎవరిదీ ఆలోచన అని విచారించుకోవడం తప్ప మరేమీ చెయ్యలేరు. అది తెల్లవారుజాము పని. గండికోటలో పెన్న కోసిన లోయమీద సూర్యుడు లేవడం చూడాలంటే కోటలోనో పక్కనో నిద్ర లేవాలి. జమ్మలమడుగులో పడుకుంటే సుమారు పదిహేను కిలోమీటర్లు చీకట్లో నడపాలి, ప్రొద్దుటూరులో పడుకుంటే ఆ సూర్యోదయం మీద ఆశ వదులుకోవాలి. మూడు కిలోమీటర్లు మించిన బెలుం గుహల్లో పగలూ రాత్రీ ఒకటే చీకటి అయినా, టిక్కెట్టు ఇచ్చేది మాత్రం పగలే. గండికోటలో పర్యాటక శాఖవారి హరిత హోటల్లో గది దొరికితే సూర్యోదయం, బెలుం రెండూ ఒకే రోజులో ఇముడుతాయి. దొరక్కపోతే రెండో పాదమూ మూడో పాదమూ విడివిడిగా పడిపోతాయి. కాబట్టి నాలుగో పాదంలో తప్పు జరిగితే పై రెండు పాదాలు కూలుతాయన్నది అతిశయోక్తి కాదు.

దీనికి కావ్యప్రమాణం మేఘసందేశం. మల్లినాథుడు వ్యాఖ్య రాసిన ఈ కాళిదాసు కావ్యంలోనూ దంపతుల ప్రయాణం ఉంది. మేఘుడు ఒంటరిగా పోవడం లేదు, అతని ఇల్లాలు మెరుపు వెంట ఉంది. యక్షుడు దారి చెప్పేటప్పుడు నదులు, కొండలు, గుళ్ళు చెప్పి ఊరుకోలేదు. ఉజ్జయినిలో పావురాలు నిద్రపోయే ఒక మేడ పైకప్పు చూపించి, మెరిసి మెరిసి అలసిన భార్యతో ఆ రాత్రి అక్కడ గడిపి పొద్దున్నే మిగతా దారి పట్టమన్నాడు. గాలిలో తేలేవాడికి, కారు పార్కింగు అక్కర్లేనివాడికి, ఆధార్ కార్డు అడిగేవాడెవడూ లేనివాడికి కూడా బస ముందే కుదిర్చాడు కాళిదాసు. అలసేది ఎవరో కూడా గుర్తించాడు. స్టీరింగు పట్టినవాడికే అలసట అనే మన కాలపు భ్రమ ఆయనకు లేదు. చరిత్ర ప్రమాణం కావాలంటే ఇంటిపక్కనే ఉంది. కృష్ణదేవరాయలు ఉదయగిరి ముందు ఏడాదికి పైగా విడిది చేసి 1514లో కోట పట్టాడు. ఆ జూలైలో తిరుమలాదేవి, చిన్నాదేవి ఇద్దరితోనూ తిరుమల వెళ్ళి ముప్ఫై వేల వరహాలతో స్వామికి కనకాభిషేకం చేశాడు. కోట చిక్కుతుందో లేదో తెలియని నాడు కూడా ఆయనకు విడిది తెలుసు. దంపతుల యాత్ర అనడానికి కొంచెం ఇరుకుగా ఉన్నా, ఉదయగిరి నుంచి బయలుదేరిన యాత్రల్లో ఇదే పెద్దది.

పూర్వపక్షం: అదంతా రాజులకూ మేఘాలకూ, ముందే అన్నీ రాసిపెట్టుకుంటే సరదా ఏముంది, నచ్చిన చోట ఆగడమేగా కారు ఉన్నందుకు ఫలం? ఇది బలమైన ఆక్షేపణే, కానీ గురి తప్పింది. రాత్రులు ఖాయం చేస్తే పగళ్ళు ఖాయం కావు, వదులవుతాయి. సాయంత్రం నాలుగింటికి సిద్ధవటం కోటగోడ మీద కూర్చున్న జంటకు గది ఖాయమైతే ఇంకో గంట కూర్చోవచ్చు. లేకుంటే ఒకరు పెన్న చూస్తుంటే ఇంకొకరు ఫోనులో లాడ్జీలు చూస్తుంటారు. దారిలోనే ఉన్న పోరుమామిళ్ళ చెరువు ఇందుకు ఉపమానం. 1369 నాటి దాని శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, చెరువుకు పట్టే ఆరు దోషాలు లెక్కపెట్టింది. కట్ట మనిషి ఇష్టం, వాన దేవుడి ఇష్టం. కట్ట గట్టిగా ఉంటేనే వాన ఎప్పుడు కురిసినా పనికొస్తుంది.

మరో ఆక్షేపణ: మామూలు రోజుల్లో ప్రొద్దుటూరులో, కడపలో గదులకు కరువా? కాదు. ఆషాఢంలో ఒక మంగళవారం నాడు నాలుగో పాదం నిర్దోషమే, అది ఒప్పుకోవాల్సిందే. అయితే ఉద్యోగాలున్న జంటకు ఆషాఢ మంగళవారం సెలవు ఇచ్చేవారెవరు? సెలవులున్న రోజుల్లోనే లోకమంతా కదులుతుంది. కార్తిక పౌర్ణమికి భైరవకోన నిండుతుంది. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రిపూట జరుగుతుంది గనక ఆ రాత్రి జనమంతా తల దాచుకునే చోటు వెతుక్కుంటారు. ఆత్మకూరు వైపు ఏ.ఎస్. పేట దర్గా గంధం రోజులూ అంతే. అన్నిటికంటె పెద్ద శత్రువు పెళ్ళి ముహూర్తం: మండపం పక్కనున్న లాడ్జీ మొత్తం పెళ్ళివారి పేరిట పోతుంది. బయలుదేరే ఘడియకు రాహుకాలం చూసేవారు గది కోసం అదే పంచాంగంలో ముహూర్తాల పేజీ ఎందుకు చూడరో వ్యాఖ్యాతకు అంతుపట్టదు.

కడపలో పిన్నిగారిల్లుండగా గది ఎందుకనే వాదం దీర్ఘ విచారణకు అర్హం కాదు. పిన్నిగారింట రాత్రి గడిపితే అది చుట్టపుచూపు. కారం దోసె మాత్రం బాగుంటుంది. ఇక ప్రభుత్వ అతిథి గృహాలు ఉన్నాయిగా అంటారా? ఆర్ అండ్ బి, ఇరిగేషన్ బంగళాలు చల్లగా, విశాలంగా, చెట్ల మధ్య ఉంటాయి. కానీ వాటి మీద మొదటి హక్కు అధికారులది. మంత్రిగారి పర్యటన పడితే మీ పేరు కొట్టేస్తారు. కోరుకోవచ్చు గాని, వాటినే నమ్ముకోకూడదు. దేవస్థానం గదులు నమ్మదగినవే, పండగ దాటితే.

ఫోను మ్యాపు ఉండగా దారి తప్పడమెలా అనేవారికి ఒక చిన్న చిక్కు చూపాలి. కొండాపురాలు రెండున్నాయి: ఒకటి మనది, ఇంకొకటి కడప జిల్లాలో గండికోటకు చేరువలో. తిరుగు ప్రయాణంలో జమ్మలమడుగులో నిలబడి కొండాపురం అని టైపు చేస్తే, ఇల్లు ఇంత దగ్గరగా ఉందా అని ఆశ్చర్యపోవాల్సి వస్తుంది. జిల్లా పేరు కూడా కొట్టాలి.

చివరి విశేషం ఫోను గురించి. ఈ దారిలో చాలా లాడ్జీలు యాప్‌లలో కనబడవు, కనబడినా ఫోటో ఏ ఏటిదో తెలియదు. కనుక మాట్లాడి తెలుసుకోవాల్సినవి ఉన్నాయి: ఇరవై నాలుగు గంటల చెకౌటా, పన్నెండింటికే ఖాళీ చెయ్యాలా; కారు లోపల పెట్టే చోటుందా, రోడ్డు మీదేనా; వేణ్ణీళ్ళు ఏ వేళలో; రాత్రి తొమ్మిది దాటి చేరితే తినడానికి ఏదైనా ఉంటుందా. ఈ ఫోను ఎవరు చెయ్యాలన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. కారు నడపనివారు చెయ్యాలని ఒక పక్షం, పద్యం చెప్పినవారే చెయ్యాలని ఇంకొక పక్షం. కర్త ఎవరో తేలలేదు గనక రెండో పక్షం ఆచరణకు రాదు.