చావు లేని సేఠ్‌లు

సూరత్‌లో చావు లేని జాతి ఒకటుంది. లింబాయత్, ఉధ్నా గల్లీల్లో వెతకండి, కనిపిస్తారు. తెలంగాణ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, మీటరు కూలికి మరమగ్గం నడిపి, ఆనక సొంత మగ్గాలు పెట్టి ‘సేఠ్’ అనిపించుకున్న మనవాళ్లే. వాళ్ల కష్టానికి దండం పెట్టాల్సిందే. వాళ్ల ధీమాకు మాత్రం రెండు దండాలు పెట్టాలి.

బట్ట తాకాలో (చుట్టలో) అర మీటరు తగ్గితే సేఠ్ కన్ను పట్టేస్తుంది. రింగ్‌రోడ్డు మార్కెట్లో ఏ దలాలు ఎన్నాళ్లకు డబ్బిస్తానన్నాడో చిట్టీ మీద రాసి జేబులో పెట్టుకుంటాడు. వీలునామా మాటెత్తితే మాత్రం “గవేం మాటలు తమ్మీ, మంచిది కాదు” అని మొహం తిప్పుకుంటాడు. జీవిత బీమా ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు ఈ అపశకునం ఎటు పోయిందో!

“బ్యాంకులో నామినీని పెట్టిన, ఇంకేం గావాలె?” అంటాడు ఇంకో సేఠ్. నామినీ సొమ్ము అందుకుంటాడు గానీ, అంత మాత్రాన సొంతదారు అయిపోడు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. సుప్రీంకోర్టు చెబితే ఏం, బ్యాంకు గుమాస్తా చెప్పలేదు కదా!

“నా తర్వాత ఎట్లాగూ కొడుకులదే” అనేవాడు అందరికన్నా ఘనుడు. వీలునామా లేకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే ఆయన తరఫున పంచిపెడుతుంది. ఆయన స్వార్జితంలో భార్యకు, ప్రతి కొడుక్కీ, ప్రతి కూతురికీ, బతికుంటే తల్లికీ సమాన వాటాలు. “కట్నమిచ్చి పంపినం” అన్న వాదన చట్టం చెవికెక్కదు. అమ్మకొచ్చిన వాటా ఆమె తదనంతరం సేఠ్ అన్నదమ్ములకూ పాకుతుంది. ఇరవై ఏళ్లుగా మాటల్లేని తమ్ముడు లూమ్ షెడ్డులో వాటాదారై కూర్చుంటాడు.

ఇక ఆయన పోయాక ఇల్లాలి యాత్ర మొదలు. సూరత్‌లో పంచుల్ని, అంటే సాక్షుల్ని, వెంటేసుకుని తలాటీ అనే రెవెన్యూ ఉద్యోగి దగ్గర పేఢీనామా, అంటే వారసుల వంశవృక్షం. సొంతూళ్లో రెండెకరాలుంటే తహసీల్దారు ఆఫీసులో విరాసత్, అంటే వారసుల పేరు మీదికి భూమి మార్పిడి. అక్కడ కూతుళ్ల సంతకాలు కావాలి. సంతకం దగ్గరే అల్లుడికి హఠాత్తుగా న్యాయశాస్త్రం వంటబడుతుంది. దిక్కుతోచక ఇల్లాలు అడగకుండా వదిలేసిన డబ్బు కూడా ఉంటుంది. ఇలా రకరకాల కారణాలతో ఎవరూ అడగని బ్యాంకు సొమ్ము రిజర్వు బ్యాంకు నిధిలో 2024 మార్చి నాటికి 78,213 కోట్ల రూపాయలు పోగుపడింది.

చిన్న సేఠ్‌లకే ఈ గతి అనుకోకండి. గుజరాత్ గర్వంగా చెప్పుకునే ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా లేకుండానే పోయారు. కొడుకులిద్దరి తగువు దేశమంతా చూసింది. 2005లో తల్లి కోకిలాబెన్ పంపకం చేస్తే గానీ తెగలేదు. మన సేఠ్‌కు అంత ఆస్తి లేదు, తగువు మాత్రం అంతకు తగ్గదు.

ట్రస్టు అంటారా? అది గుడి చందాలకే అనుకుంటారు మనవాళ్లు. బుద్ధి ఎదగని బిడ్డకో, మైనరు పిల్లలకో ఆస్తి ఎవరి చేతిలో ఉండాలి, దేనికి ఖర్చు పెట్టాలి అని కట్టుదిట్టం చేసేందుకు 1882 నుంచే చట్టం ఉంది. మన సేఠ్ కట్టుదిట్టం వేరు: “మా తమ్ముడు చూసుకుంటడులే!”

ఇంతా చేసి వీలునామాకు కావలసిందేమిటి? తెల్లకాగితం. స్టాంపు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. మతి స్థిమితంగా ఉన్నప్పుడు ఏది ఎవరికో రాసి సంతకం పెట్టాలి. అది చూసిన సాక్షులు ఇద్దరు సంతకాలు చేయాలి. వాటా పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం తెలివి. అమలు చేసే మనిషి పేరు కూడా రాస్తే మరీ మంచిది. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.

వీలునామా రాసినందుకు ఎవడూ చావలేదు సేఠ్. రాయకుండా పోయినవాళ్ల పిల్లలే కోర్టు మెట్ల మీద ముసలివాళ్లవుతున్నారు. దలాలు మాట రాసుకున్న చిట్టీపాటి కాగితం పెళ్లాం పిల్లలకూ రాసివ్వండి.