ప్రాగు నగరమందు: టీకా, తాత్పర్యం, విశేషాలు

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి వ్యాఖ్య మొదలుపెట్టే ముందు ఒక ఒట్టు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. మెదకు సీమలోని కొల్చారం ఆయన ఊరంటారు. వ్యాఖ్యానించింది కాళిదాసుని గనుక ఆ ఒట్టు చెల్లింది. మన మూలం ఒక కరపత్రం. అందుకని ఒట్టులో మొదటి సగమే నిలుపుకుంటాం. రెండో సగం కూడా నిలుపుకుంటే ఈ టీకా ఇక్కడితో సరి.

సందర్భం. చెక్ దేశపు రాజధాని ప్రాగు. అక్కడి పాత పట్నం చౌకులో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. గంట కొట్టినప్పుడల్లా దాని కిటికీల్లో అపొస్తలుల బొమ్మలు తిరుగుతాయి, కింద జనం మెడలెత్తి చూస్తారు. మెడ దించేసరికి చేతిలో ఒక కాగితం పడుతుంది: ఈ రాత్రికి పబ్ క్రాల్ (గుంపుగా బారు నుంచి బారుకు తిరుగుతూ తాగడం) ఉంది, రండి, దారి మేం చూపిస్తాం అని. ఆ కాగితంలో ఉన్న సంగతుల్నే, కంఠతా పట్టేవారి సౌకర్యం కోసం, వ్యాఖ్యాత ఆటవెలదిలోకి ఎక్కించాడు.

మూలం

ఆ. గంట సేపు తాగు కడుపు పట్టినదాక,
నాల్గు బార్లు దాటి నైటు క్లబ్బు;
గొడుగు పట్టు వాని కూడి నడిచినచో
ప్రాగు నగరమందు బంధు లబ్బు.

గణాలు సరిపోయాయి, యతులూ కుదిరాయి. 'క్లబ్బు' ముందున్న 'టు' గురువవుతుంది కదా అని ఛందస్సు తెలిసినవారు పేచీ పెట్టవచ్చు. అవి రెండూ వేరు మాటలు గనుక కాదని ఒక సమాధానం. మూడో బారు దాటాక గురులఘువుల భేదం ఎవరికీ తెలియదని ఇంకో సమాధానం.

ప్రతిపదార్థం

గంట సేపు = మొదటి బారులో, మొదటి గంట మాత్రమే; కడుపు పట్టినదాక = నిర్వాహకులు ముందే ఎంచి పెట్టిన బీరో, చౌక వైనో, రంగునీళ్ళ కాక్‌టెయిలో, ఎంతైనా; తాగు = పానము చేయుము; నాల్గు = కరపత్రంలో నాలుగు, కొన్ని రాత్రుల్లో మూడు; బార్లు దాటి = ఒక్కోదానిలో ముప్పావు గంట చొప్పున ఉండి లేచి; నైటు క్లబ్బు = క్యూలో నిలబడకుండా చొరబడదగిన నృత్యశాల; గొడుగు పట్టు వాని = వాన లేకున్నా గొడుగెత్తి నిలుచున్న గైడుని; కూడి నడిచినచో = విడిచిపెట్టక వెంట నడిచినట్లయితే; ప్రాగు నగరమందు = ప్రాగు అను పట్టణములో; బంధులు = చుట్టములు; అబ్బు = లభింతురు.

తాత్పర్యం

ఓ యాత్రికుడా! ఇరవై ముప్ఫై యూరోలు చెల్లించి, గంటసేపు లెక్క చూడకుండా తాగి, ఆపైన లెక్క ప్రకారం తాగుతూ, ఊరు తెలిసినవాడి వెనకాల నడిచితివేని, ఊరు తెలియకపోయినా మనుషులు తెలుస్తారు.

విశేషాలు

'గంట సేపు.' పద్యం బరువంతా ఈ రెండు మాటల మీదే ఉంది. పూర్వపక్షం ఇలా ఉంటుంది: ఎంతైనా తాగమన్నారు, మూడు నాలుగు గ్లాసులు దించితే టిక్కెట్టులో సగం గిట్టినట్టే, ఇక నష్టమెక్కడ?

సమాధానం. పిల్స్‌నర్ ఉర్క్వెల్ అనే అక్కడి పేరు మోసిన బీరులో ఆల్కహాలు 4.4 శాతం. అర లీటరు గ్లాసుకు 17 గ్రాముల పైచిలుకు పడుతుంది. మామూలు మనిషి కాలేయం గంటకు అరిగించుకునేది ఏడు నుంచి పది గ్రాములు. ఒక్క గ్లాసు లెక్క తేలడానికే సుమారు రెండు గంటలు కావాలి. గంటలో మూడు గ్లాసులు దించినవాడి లెక్క అర్ధరాత్రి దాటినా తేలదు. దానికి తోడు తాగింది రక్తంలో శిఖరానికి చేరేది ఆఖరి గుక్క తర్వాత అరగంటకో గంటకో. ఉచిత గంట ముగిసేవేళకి మనిషి ఇంకా ఎక్కుతూనే ఉంటాడు. ఎక్కుతున్నవాణ్ణి రెండో బారులోకి నడిపించి తీసుకొస్తారు. అక్కడ గ్లాసుకు డబ్బు. విచక్షణ మొదటి బారులోనే ఖర్చయిపోయింది గనుక ఇక్కడ పర్సు ఖర్చవుతుంది. కరపత్రకర్త హృదయం ఇదే. అతన్ని తక్కువ అంచనా వేసిన వ్యాఖ్యాతలందరూ పొద్దున్నే కార్డు స్టేట్‌మెంటు చూసుకుని నాలుక కరుచుకున్నారు.

'నాల్గు బార్లు.' ఆ నాలుగే ఎందుకు? బీరు బాగుంటుందనా? కాదు. రాత్రి ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఖాళీగా ఉండే బారు ఏదో అదే. ఖాళీ బారుకు నలభైమందిని ఒక్కసారి తోలుకొచ్చేవాడు దేవుడే. ఆ దేవుడికి కమీషను, అతని భక్తులకు తలా ఒక తియ్యటి షాటు ముడుతుంది. ఆ షాటు ఎరుపో నీలమో ఉంటుంది, దగ్గుమందు వాసన వేస్తుంది. దాన్ని ఉచితం అనడం లోకాచారం.

ఇక్కడ వ్యాఖ్యాతకు మూలంతో తగవు ఉంది, దాచుకోవడం ఎందుకు? ప్రాగు తిరుగుతూ తాగే ఊరు కాదు, కూర్చుని తాగే ఊరు. బీరు తాగడంలో చెక్కులది దశాబ్దాలుగా లోకంలో మొదటి పీట. పసిపిల్లల్ని కూడా లెక్కలో కలిపి చూసినా తలకు ఏడాదికి 120 లీటర్ల పైమాటే. అంత తాగే జాతి ఒకచోట నుంచి లేచి ఇంకోచోటికి పోతూ తాగలేదు. 'హొస్పొడ' అనే మామూలు పానశాలలోకి వెళ్ళండి. బల్ల ఎవరిదో ఒకరిది, ఖాళీయేనా అని అడిగి పక్కన కూర్చోవాలి. సర్వరు వచ్చి ముందు ఒక అట్టబిళ్ళ వేస్తాడు. దాని మీద బీరు పెడతాడు. బల్ల మీద సన్నటి కాగితపు ముక్క ఒకటి పెట్టి పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. గ్లాసు అడుగంటుతుండగానే, అడగకుండానే, ఇంకోటి వస్తుంది, ఇంకో గీత పడుతుంది. చాలనుకుంటే అట్టబిళ్ళ తీసి గ్లాసు మీద మూత పెట్టాలి. మన పెళ్ళి బంతిలో ఆకు మడిచేదాకా వడ్డించేవాడు ఆగడు కదా, అలాగే. ఆఖరున గీతలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటాడు. ఆ కాగితం మీద మనం పిచ్చిగీతలు గీస్తే మాత్రం ఊరుకోడు, అది అతని ఖాతా పుస్తకం.

నురగ గురించి కూడా ఒక మాట. మనవాడు గ్లాసు చూడగానే అనే మొదటి మాట, 'ఏంటన్నా, సగం నురగే పోశాడు' అని. అక్కడ అది మోసం కాదు, విద్య. 'హ్లదింక' అనే పద్ధతిలో పైన మూడు వేళ్ళ మందాన తడి నురగ నిలవాలి, దాని కింద బీరుకు గాలి తగలకూడదు. 'మ్లీకో' అని ఇంకో పద్ధతి ఉంది, పాలలాగా గ్లాసు నిండా నురగే ఉంటుంది, ఒక్క బిగిన తాగేయాలి. పట్టిక మీద 10, 12 అని అంకెలు కనిపిస్తే బెంబేలు పడనక్కర్లేదు. అవి ఆల్కహాలు శాతాలు కావు, పులియబెట్టే ముందు రసంలో ఉన్న చక్కెర కొలతలు. పది అంటే సుమారు నాలుగు శాతం, పన్నెండు అంటే సుమారు ఐదు. పబ్ క్రాల్‌లో ఈ చర్చ ఏదీ రాదు. ప్లాస్టిక్ గ్లాసులో పోసింది ఏమిటని అడిగితే బీరు అంటారు.

ఈ పట్టింపు ఆ దేశానికి కొత్తగా వచ్చింది కూడా కాదు. 1838లో ప్ల్‌జెన్ పట్నంలో బీరు పాడైందని 36 పీపాలు నగర సభ ముందే పారబోశారు. ఆ కోపంలోంచే కొత్త బట్టీ పుట్టింది, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనేవాణ్ణి పిలిపించారు, 1842లో అతను కాచిన బంగారు వన్నె బీరే ఇవాళ లోకమంతా పిల్స్‌నర్ పేరుతో తాగుతోంది. మన బెల్టుషాపు సీసాలోని బంగారు వన్నె కూడా అక్కణ్ణుంచి నడిచొచ్చిందే.

పూర్వపక్షి మళ్ళీ లేచాడు: గైడు వెంట తాగడం పెద్దలు కూడా చేశారు కదా? చేశారు. 1994 జనవరిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ని చెక్ అధ్యక్షుడు వాత్స్‌లావ్ హావెల్ స్వయంగా వెంటబెట్టుకుని పాత పట్నంలోని 'బంగారు పులి' పానశాలకు తీసుకెళ్ళాడు. అక్కడ రచయిత బొహుమిల్ హ్రబాల్ ఉన్నాడు. ఈ గైడు బీరు బట్టీల సంగతి తెలిసినవాడే, పాలకుల కోపానికి గురై 1974లో త్రుత్నోవ్ బ్రూవరీలో పీపాలు దొర్లించిన మనిషి. కానీ తీసుకెళ్ళింది కూర్చోబెట్టడానికి. ముప్పావు గంట కాగానే ఈల వేసి రెండో బారుకు పదండి అనలేదు.

'బంధు లబ్బు.' ఇక్కడ మాత్రం మూలం అబద్ధమాడలేదు. కట్టిన డబ్బుకు విలువ చూసుకునేది ద్రవంలో అయితే పబ్ క్రాల్ దండగ బేరం, మనుషుల్లో అయితే చవక. హొస్పొడలో చెక్కు మనిషి మీ పక్కన రెండు గంటలు కూర్చుని రెండు మాటలు మాట్లాడతాడు, అదీ గ్లాసులు తాకించేటప్పుడు కళ్ళలోకి చూసి 'నా జ్‌ద్రవీ' అనడం. క్రాల్‌లో అలా కుదరదు. అందరూ పరాయివాళ్ళే, అందరికీ సిగ్గే. గైడు పేర్లు అడుగుతాడు, జట్లు కడతాడు, బీరు కప్పుల్లోకి పింగుపాంగు బంతి విసిరే ఆట పెడతాడు. జర్మనీలో ఎమ్మెస్ చదువుతూ శనివారం డ్రెస్డెన్ నుంచి రెండున్నర గంటల ప్రయాణం చేసి వచ్చిన వరంగల్ కుర్రవాడు మొదటి బారులో గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటాడు. రెండో బారులో బంతి కప్పులో పడుతుంది. మూడో బారులో ఐర్లండు నుంచి వచ్చినవాడి భుజం మీద చెయ్యేసి 'ఏం మామా' అంటాడు. వాడికీ అది అర్థమైపోతుంది. 'బంధులు' అన్న మాటను మూలకారుడు అలంకారంగా వాడలేదనడానికి ఇదే ప్రమాణం. తెలుగువాడి నోట మామ, బావ, అన్న తప్ప స్నేహానికి వేరే మాటలు రావు.

అనుక్తం, అంటే మూలం చెప్పకుండా వదిలేసింది. పద్యమంతా గాలించినా తిండి లేదు. మంచింగ్ లేకుండా నాలుగు బార్లు దాటించడం తెలుగు సంప్రదాయానికి విరుద్ధం. ముందే ఎక్కడైనా కూర్చుని తినేసి రావాలి. శాకాహారులకు 'స్మజెనీ సీర్' అనే వేపుడు జున్ను ఉంది, ఊరబెట్టిన జున్ను కూడా ఉంది. 'ఉతొపెనెత్స్' అంటే మునిగి చచ్చినవాడని అర్థం, అది పులుపులో ఊరిన సాసేజి. పేరు విని జాలిపడి ఆర్డరివ్వకండి.

'నైటు.' ఈ పాదానికి ఇప్పుడు కొత్త వ్యాఖ్య అవసరమైంది. 2024 అక్టోబరులో ప్రాగు నగర పాలకులు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా గైడు నడిపే పబ్ క్రాల్‌లను నిషేధించారు. పాత పట్నంలో కాపురాలున్నాయి. ఆ ఇళ్ళ కిటికీల కింద రాత్రి ఒంటిగంటకు నలభైమంది ఒకే పాట పాడుతూ పోవడం అలవాటైపోయింది. నిషేధం తాగడానికి వర్తించదు, నలుగురు మిత్రులు నాలుగు బార్లు తిరగడానికీ వర్తించదు. గుంపును పోగుచేసి తిప్పడానికే వర్తిస్తుంది. గొడుగు లేకుండా నడిస్తే స్వేచ్ఛ, గొడుగెత్తి నడిపిస్తే నేరం. ఆమ్‌స్టర్‌డామ్ ఇంకో అడుగు ముందుకేసి, తాగి గోల చేయడానికే వచ్చే బ్రిటిష్ కుర్రవాళ్ళు మా ఊరికి రావద్దని 2023లో ప్రచారమే నడిపింది. అతిథిని దేవుడన్న జాతికి ఇది వింతగా తోచవచ్చు. దేవుడు గుమ్మంలో వాంతి చేసుకుంటే ఏం చేయాలో మన శాస్త్రాల్లోనూ లేదు.

పాఠాంతరం: 'గొడుగు పట్టు వాని' అన్నచోట 'చొక్క పంచు వాని' అని కొన్ని ప్రతుల్లో ఉంది. పాల్గొన్నవారికి టీషర్టు ఇచ్చే కంపెనీల వారి పాఠం అది. యతి చెడుతుంది గనుక గ్రాహ్యం కాదు. టీషర్టు కూడా ఒక్క ఉతుకుకే వెలుస్తుంది.

అలంకారం: 'నగరమందు' అన్నచోట శ్లేష. నగరము అందు అని విరిస్తే ఊళ్ళో అని, నగర మందు అని విరిస్తే ఊరి సరుకు అని. మొదటి అర్థంలో పద్యం కరపత్రం. రెండో అర్థంలో చెక్ దేశ చరిత్ర.

ఫలశ్రుతి

ప్రాగులో ఒంటరిగా దిగి, పలకరించే దిక్కు లేని సాయంత్రం ఈ పద్యం పఠించినవారికి ఒక్కసారి ఫలిస్తుంది. బీరు కోసం వెళ్ళినవారికి ఒక్కసారి కూడా ఫలించదు, వారు హొస్పొడలో కూర్చుని అట్టబిళ్ళ చేతికి అందేలా పెట్టుకోవాలి. మొదటి రకం వారు డబ్బు కట్టే ముందు గైడును ఒక్క ప్రశ్న అడగండి, ఎన్నింటికి ముగుస్తుందని. పది దాటుతుందంటే కట్టకండి.