బతకడం వేరు, కాయడం వేరు

నేను ఉద్దానం జీడిమామిడి చెట్టుని. కొన్నిచోట్ల ముంతమామిడి అంటారు. మా పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చి భారతదేశపు పడమటి తీరంలో దించారు. మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతామని తీరాల వెంట, కొండవాలుల్లో మమ్మల్ని నాటుకుంటూ వచ్చారు. ఎవరూ తడి పెట్టకపోయినా నిలబడ్డాం. అందుకే ‘నీళ్లక్కర్లేని చెట్టు’ అన్న పేరు పడింది. ఆ పేరులో నిజం సగమే. కరువులో బతకడం వేరు, కరువులో కాయడం వేరు. ఆ రెండూ ఒకటేనని నమ్మిన మెట్టరైతు ఏటా పిక్కల్లో నష్టపోతున్నాడు.

నా ఆకును తడిమి చూడండి, తోలులా మందంగా ఉంటుంది. ఎండ ముదిరి నేల ఆరితే దాని మీది సన్నని రంధ్రాలు మూసుకుని ఉన్న తడిని కాపాడుకుంటాను. తల్లివేరు లోతుకు దిగుతుంది, పక్కవేళ్లు కొమ్మల నీడ దాటి పాకుతాయి. కానీ రంధ్రాలు మూస్తే లోపలికి గాలీ రాదు, ఆహారమూ తయారుకాదు. ఆ లోటు పడేది పంట మీదే. నా పూలగుత్తిలో వందల పూలున్నా ఎక్కువభాగం మగపూలే, కాయగా నిలిచేవి చాలా కొద్ది. ముందు పిక్క పెరుగుతుంది. పచ్చగా, చిక్కుడుగింజలా వంగి, తన సైజుకు వచ్చాకే దాని పైన తొడిమ ఉబ్బి పండవుతుంది. పిందె దశలో నేల బాగా ఎండితే నేను చావను, పిందెలు రాల్చేసుకుంటాను. మీరు మెచ్చుకునే నా ఓర్పుకు ఆ పిందెలే ఖరీదు.

మరి అడవిలో మొర్రి చెట్టుకు ఎవరు నీళ్లు పోస్తున్నారని అడగవచ్చు. సారపప్పు ఇచ్చే ఆ చెట్టు మా కుటుంబమే, మామిడి, పిస్తా కూడా మావాళ్లే. అయితే మొర్రి నెమ్మదిగా పెరుగుతుంది, వేసవికి ఆకు చాలావరకు రాల్చి ఖర్చు తగ్గించుకుంటుంది, కాయ చిన్నది, లోపలి పప్పు ఇంకా చిన్నది. తనకు దొరికిన నీటికి తగ్గట్టే కాస్తుంది. నన్నేమో పెద్ద పిక్క కోసం, ఎక్కువ కాపు కోసం ఏరి, అంట్లు కట్టి పెంచారు. అడవిచెట్టు పొదుపునూ తోటచెట్టు దిగుబడినీ ఒక్క చెట్టునే అడగడం న్యాయం కాదు.

పూతవేళ తడి నాకు చేటని ఇంకొందరంటారు. వాన విషయంలో అది నిజమే. మబ్బు పట్టి పూత తడిస్తే తెగులు సోకుతుంది, టీ దోమ చేరుతుంది. పొడి వాతావరణం నాకు కావాలి కూడా. కానీ పూత మీద పడే వాన వేరు, పాదులో పోసే నీరు వేరు. జనవరి నుంచి మార్చి దాకా పదిహేను రోజులకోసారి చెట్టుకు 200 లీటర్లు పెట్టమని కర్ణాటకలోని పుత్తూరు జీడిమామిడి పరిశోధన కేంద్రం చెబుతోంది. ఆ మూడు నెలల్లో మొత్తం కలిపినా 1,200 లీటర్లే. అంత నీరు లేనివాళ్లు వానలకు ముందే వాలుకు అడ్డంగా నా మొదలు చుట్టూ అర్ధచంద్రంలా కట్ట వేయండి. పడిన వాననైనా నా వేళ్ల దగ్గర నిలవనివ్వండి.