కుండ పొగ ఏ గడిలో రాయమంటారు?

మహారాజశ్రీ కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ వారి సముఖమునకు, కోనసీమ జిల్లా ఆత్రేయపురం నుంచి ఒక పూతరేకుల కొట్టు యజమాని నమస్కరించి రాయునది.

దీపావళికి మా దగ్గర గిఫ్టు పెట్టెలు కొన్న కంపెనీ ఒకటి డబ్బుతోపాటు ఒక ఫారం పంపింది. మీ కొట్టు ఏడాదికి ఎంత కార్బన్ వదులుతుందో రాయండి, ఇది పూర్తిగా స్వచ్ఛందం అన్నారు. కిందనే గడువు తేదీ వేశారు.

పర్యావరణ లెక్కలు చెప్పి తీరాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు నియమం పెట్టింది. వాటికి సరుకిచ్చేవాళ్ల లెక్క ఐచ్ఛికమేనట, అదీ కొనుగోళ్లలో రెండు శాతం, ఆపైన ఉన్నవాళ్లదే. మా పూతరేకులు ఆ కంపెనీ కొనుగోళ్లలో రెండు శాతం ఉంటే ఈ ఉత్తరం మేం రాయం, మా ప్లీడరు రాస్తాడు.

మీ జెడ్ సర్టిఫికెట్ గురించీ విన్నాం. లోపం సున్నా, పర్యావరణానికి చేటు సున్నా. కాంస్య స్థాయికి ఫీజు 10,000 రూపాయలు, మాలాంటి సూక్ష్మ సంస్థలకు అందులో 80 శాతం రాయితీ. మంచి పథకమే, వెక్కిరింత కాదు. అందుకే ఫారం ముందేసుకుని కూర్చున్నాం.

కరెంటు తేలిగ్గానే తేలింది. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, బిల్లు చూసి హెచ్చవేశాం. తర్వాత బియ్యం దగ్గర ఆగాం. నీళ్లు నిలిచిన వరిచేలోంచి మీథేన్ వస్తుందట. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుందట. ఆ చేలో నీళ్లెవరు నిలబెట్టారంటే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర. 2023లో మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) తెచ్చిన సంఘం పేరులోనే ఆయనున్నాడు. ఆయన వాటా ఎవరి ఖాతాలో వేయాలి? నెయ్యి దగ్గర గేదె నెమరేస్తూ మీథేన్ త్రేన్చింది. దానికీ ఒక గడి ఉంది.

అసలు చిక్కు కుండ దగ్గర వచ్చింది. రేకులు మా కొట్లో వేయరు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గర వేసి, వందల లెక్కన మాకిస్తారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పైన పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరిచి లాగితే రేకు. మంట తగ్గితే రేకు అతుక్కుంటుంది, పెరిగితే మాడుతుంది, అందుకని మొహం పొయ్యి దగ్గరే పెట్టుకుని కూర్చోవాలి. మాకు రేకులిచ్చే పెద్దమ్మ కళ్లు ఏడాది పొడవునా ఎర్రగానే ఉంటాయి.

ఆ పొగ ఏ గడిలో రాయాలి? అంతర్జాతీయ లెక్కల పద్ధతి ప్రకారం కొబ్బరాకు కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపరు, విడిగా చూపిస్తారు. చెట్టు గాలిలోంచి తీసుకున్నదే మళ్లీ గాలికి పోయిందని. తర్కం తప్పనం. మొత్తంలో చేరేది ఆ పొగలోని కాస్త మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రమే. మరి పెద్దమ్మ కళ్లు బాగుండాలని గ్యాసు పొయ్యి ఇప్పిస్తే? 14.2 కిలోల సిలిండర్‌కు సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్, మొత్తం మా పద్దులో. అంటే ఆవిడ పొగలో దగ్గుతూ ఉన్నంతకాలం మాది పచ్చటి వ్యాపారం. ఆవిడ ఊపిరి పీల్చుకున్న ఏడాది మా నివేదిక ఎర్రబడుతుంది. ఈ లెక్కకు సర్టిఫికెట్ ఇస్తే గోడకు తగిలించడానికి మాకే సిగ్గు.

కాబట్టి మనవి. వరి, నెయ్యి, పంచదార, ఆకులకు కిలోకు ఇంత అని రేటు మీరే కట్టి, తెలుగులో ఒక్క పేజీ ఇవ్వండి, మా సరుకు బరువు రాసి సంతకం పెడతాం. మిగతా లెక్క కావలసిన కంపెనీయే తన ఆడిటర్లతో కట్టుకోవాలి, వాళ్లకు జీతాలున్నాయి. పొగగొట్టం ఉన్న పొయ్యిలకు రాయితీ ఇచ్చి, పొగ తగ్గించిన ఇంటికి మార్కులు వేసే గడి ఒకటి చేర్చండి. ఆ గడి వచ్చేదాకా మా ఫారంలో కుండ దగ్గర ఖాళీగానే ఉంటుంది. ఎలాగూ స్వచ్ఛందమే కదా.

ఇట్లు,
విధేయుడు

తా.క.: నేతి పూతరేకుల పెట్టె వేరే పార్సిల్‌లో పంపుతున్నాం. ఆత్రేయపురం నుంచి ఢిల్లీ దాకా లారీ పొగ మీ స్కోప్ 3లో, అంటే ఇతరుల ద్వారా వచ్చే కార్బన్ లెక్కలో, రాసుకోగలరు.