కొర్రమట్ట చెప్పుకున్న కథ

నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోయే చేప ఉంటుందా అని అడిగితే, కొర్రమీను తన సంగతే చెబుతుంది. తెలంగాణ పల్లెల్లో కొర్రమట్ట అని పిలిచే ఈ చేప మాటిమాటికీ పైకి వచ్చి, ఒక గుటక గాలి మింగి, మళ్లీ లోపలికి పోవాలి. వలలో చిక్కి అడుగునే ఉండిపోతే, చుట్టూ ఎంత నీరున్నా దానికి ప్రాణం దక్కదు. మొప్పలున్నాయి కానీ, పెద్దయ్యాక వాటితోనే బతుకు గడవదు. తన పుట్టుక, తిండి, పెంపకం, చివరికి తండ్రి చావు కూడా ఈ గుటక చుట్టూనే తిరిగాయని అది తన కథ మొదలుపెడుతుంది.

తాను పుట్టింది వరంగల్ వైపు ఒక గొలుసుకట్టు చెరువులో. వానలు మొదలయ్యాక తల్లీతండ్రీ గట్టు పక్కన, లోతు లేని చోట గడ్డినీ నాచునూ అటూ ఇటూ తోసి కాస్త జాగా చేసుకున్నాయి. తల్లి గుడ్లు పెట్టింది. ఒక్కో గుడ్డులో ఒక నూనె బొట్టు ఉండటం వల్ల అవి మునగకుండా పసుప్పచ్చగా నీటి మీదే తేలాయి. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలు బయటపడ్డాయి.

చిన్నప్పుడు ఒంటి రంగు నారింజ ఎరుపు. వందల మంది తోబుట్టువులు ఒక్క ముద్దగా కదులుతుంటే చెరువులో ఎర్రని మరక తేలినట్టు ఉండేది. ఆ ముద్ద కిందే పెద్ద చేప కాపలా. ముఖ్యంగా తండ్రి. దగ్గరికొచ్చిన కప్పనైనా, తనకంటే పెద్ద చేపనైనా తరిమి కొట్టేది. చేపల్లో గుడ్లు పెట్టి తమ దారిన తాము పోయేవే ఎక్కువ. బొచ్చె, రవ్వ లాంటివి లక్షల్లో గుడ్లు వదిలి వెళ్లిపోతాయి. కొర్రమీను అలా కాదు, వారాల తరబడి పిల్లల వెంటే ఉంటుంది. ఈ చేప గురించి రుచి కంటే ముందు చెప్పుకోవాల్సింది ఇదే.

మొదటి రోజుల్లో పిల్లలకు మొప్పలూ, పల్చని చర్మమూ సరిపోయాయి. ఆ తర్వాత తలలో, మొప్పలకు పైన, రెండు చిన్న గదులు ఏర్పడ్డాయి. వాటి గోడల నిండా మడతలు, మడతల నిండా సన్నని రక్తనాళాలు. నోటితో పట్టిన గాలి అక్కడికి చేరితే ప్రాణవాయువు నేరుగా రక్తంలోకి ఎక్కుతుంది. ఇది ఊపిరితిత్తి కాదు. గాలితిత్తి కూడా కాదు. అది వేరే ఉంది, తేలడానికి పనికొస్తుంది. చేప తల లోపలే గాలికోసం కట్టుకున్న ప్రత్యేకమైన ఏర్పాటు ఇది.

అసలు నీటి జీవికి ఈ అవస్థ ఎందుకు? లీటరు గాలిలో 200 మిల్లీలీటర్లకు పైగా ప్రాణవాయువు ఉంటుంది. మన చెరువుల్లాంటి వెచ్చని నీటిలో, అంతా బాగున్నప్పుడే, లీటరుకు 5 మిల్లీలీటర్లు. గుర్రపుడెక్క పట్టిన చెరువులో రాత్రంతా మొక్కలూ, కుళ్లే ఆకులూ ఆ కొంచెం కూడా లాగేసుకుంటాయి. తెల్లవారుజామున తక్కిన చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలిపోయే చోట కొర్రమీను నిబ్బరంగా వేటాడుతుంది. బురద గుంటల్లో దానికి పోటీ తక్కువ. మార్పు, ఇంగిలాయి లాంటి గాలి పీల్చే చేపలు తప్ప ఎదురు నిలిచేవి కొన్నే. 1920ల చివర్లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ జాతుల మీద సుదీర్ఘమైన పరిశోధన ప్రచురించిన బి.కె. దాస్, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధించారు.

ఎండాకాలం చెరువు నెర్రెలిచ్చింది. తాను తడి మట్టిలోకి దూరింది. చర్మమూ, తలలోని ఆ గదులూ ఆరిపోనంత వరకూ బతకగలదు. వాన కురిసిన రాత్రి ఒళ్లు మెలికలు తిప్పుకుంటూ, తడిసిన గట్టు మీదుగా పక్క మడిలోకి పాకింది. ఇంత మొండి ప్రాణాన్ని చూసి అమెరికా భయపడింది కూడా. చైనా వైపు నుంచి వచ్చిన దీని దాయాది ఒకటి 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ పట్టణపు చెరువులో దొరకగానే, ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వం ఈ కుటుంబపు చేపల దిగుమతిని నిషేధించింది.

కాపాడిన గుటకే పట్టించింది కూడా. ఎర్ర పిల్లల గుంపు గాలికోసం పైకి రాగానే నీళ్లు కళపెళమంటాయి. కింద తల్లో తండ్రో ఉంటుందని చేపలు పట్టేవాళ్లకు తెలుసు. గాలానికి కప్పను గుచ్చి ఆ గుంపు మధ్య వేస్తే, పిల్లలకు ఏదో ఆపద వచ్చిందని పెద్ద చేప దాని మీద పడుతుంది. తన తండ్రి పోయింది అలాగే. కాపలా పోయాక కొన్నాళ్లకే గుంపులో చాలా మంది ఇతర చేపల నోట పడ్డారు. పిల్లలతో ఉన్న కొర్రమట్టను పట్టడం అన్యాయం. మరో మాట అవసరం లేదు.

సన్నముళ్లు లేని మాంసం, బజారు దాకా బతికే ప్రాణం. అందుకే తొట్టిలో కదులుతుండగానే అమ్ముతారు, ధర ఎక్కువ. మృగశిర కార్తెకు హైదరాబాదు ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిన కుటుంబం ఉబ్బసం రోగులకిచ్చే చేప ప్రసాదంలో మింగించేది కూడా కొర్రమీను పిల్లనే. దాంతో ఉబ్బసం తగ్గుతుందని వైద్యశాస్త్రం నిరూపించలేదు. తెలంగాణ 2016లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

1988లో ఈశాన్య భారతం మీదుగా దేశంలోకి వచ్చిన పుండ్ల జబ్బు ఈ జాతిని ఘోరంగా దెబ్బతీసింది. అఫానోమైసిస్ అనే బూజు లాంటి జీవి చలికాలంలో చర్మాన్నీ కండనూ తొలిచేస్తుంది. ఇప్పుడు చెరువుల్లో తగ్గిన సంతతిని హేచరీలు పెంచుతున్నాయి. సూదిమందు వేసి గుడ్లు పెట్టిస్తారు. పిల్లలు గాలి పీల్చడం మొదలుపెట్టే నాటికి తొట్టిలో నీటి లోతు తక్కువగా ఉంచుతారు. పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి కనుక కొన్ని రోజులకోసారి సైజుల వారీగా వేరుచేస్తారు. బతికున్న ఎర నుంచి గుళికల మేతకు మెల్లగా అలవాటు చేస్తారు. చెరువులో తండ్రి చేప ఒంటరిగా చేసిన కాపలా పనికి అక్కడ రాత్రీపగలూ మనుషులు కావాలి.