నేనూ ఒక తిలిస్మ్‌నే

నా పేరు ఘోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్, నేనొక ఆర్కేడ్ వీడియో ఆటను. 1985లో జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ నన్ను విడుదల చేసింది. నన్ను తీర్చిదిద్దినవాడు తొకురో ఫుజివారా. నాణెం వేస్తే చాలు, ఆర్థర్ అనే యోధుడు రాకుమారిని వెతుక్కుంటూ శ్మశానంలో పరుగు మొదలుపెడతాడు. మొదటి దెబ్బకు కవచం ఊడిపోతుంది, రెండో దెబ్బకు ప్రాణం పోతుంది. తెలుగువాళ్లకు ఈ కథలో కొత్తేమీ లేదు. పాతాళభైరవి సినిమాలో నేపాళ మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకుపోతే తోటరాముడు చేసిందీ ఇదే. అయితే నా అసలైన పోలికలు అంతకంటే పాతవి, అవి చార్మినార్ నిలిచిన ఊళ్లోనే ఉన్నాయి అన్నది నా వాదన.

1591లో చార్మినార్ కట్టిన కుతుబ్‌షాహీల కొలువుకు పారశీక దేశపు కథకులు వచ్చేవారు. వారిలో హాజీ కిస్సాఖాన్ హమదానీ అమీర్ హమ్జా అనే వీరుడి కథను ‘జుబ్దతుర్రుమూజ్’ పేరుతో ఈ కొలువు కోసమే కూర్చాడు. ఆ కథ తర్వాతి తరాల్లో ఉర్దూలో పెరిగి పెరిగి, 1883 నుంచి లక్నోలోని నవల్ కిశోర్ ప్రెస్ అచ్చువేసిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ సంపుటాలయింది. తిలిస్మ్ అంటే మాంత్రికుడు కట్టిన మాయాలోకం. అందులో కనిపించేది నిజం కాదు. దాన్ని ఛేదించడానికి బలం ఒక్కటే చాలదు, లౌహ్ అనే ఫలకం చేతికి దక్కాలి. నా కట్టడం చూడండి. తగిన ఆయుధం చేతిలో లేకుండా చివరిదాకా వస్తే వెనక్కి పంపేస్తాను. అన్నీ దాటి గెలిచినవాడికి ఆ గెలుపే సైతాను పన్నిన భ్రమ అని చెప్పి, మళ్లీ మొదటి అంకంలో నిలబెడతాను. రెండోసారి గెలిస్తేనే రాకుమారి దక్కుతుంది. తిలిస్మ్ లక్షణం నాలో ఇంతకంటే స్పష్టంగా ఎలా ఉంటుంది?

ఇదంతా నాణేలు లాగడానికి వేసిన ఎత్తు అంటారు. ఆ మాటలో నిజం ఉంది, కాదనను. ఆర్కేడ్‌లో పెట్టిన ఏ ఆటైనా నాణెం మీదే బతకాలి. కానీ దాస్తాన్, అంటే హమ్జా కథలాంటి సుదీర్ఘ గాథ, చెప్పేవాడూ శ్రోతలు లేచిపోకుండా ఒక తిలిస్మ్ ముగియగానే ఇంకొకటి కట్టాడు. అంతమాత్రాన ఆ కథల్లోని కళను ఎవరూ కొట్టిపారేయలేదు. ఎందుకు కట్టాడన్నది ఒక ప్రశ్న, ఎంత నిజాయితీగా కట్టాడన్నది వేరే ప్రశ్న. నాలో ఆర్థర్ ఒకసారి ఎగిరితే గాలిలో దారి మార్చుకోలేడు. ఎగరకముందే ఆలోచించాలి. ఈ నియమం నేను ఎవరి దగ్గరా దాచను, మొదటి ఆటలోనే అర్థమవుతుంది. ఫుజివారాకు హమ్జా కథతో సంబంధమేమిటని ఇంకో ప్రశ్న రావచ్చు. నేను వంశావళి చెప్పుకోవడం లేదు. నా దయ్యాలు, నా యోధుడు ఐరోపా కథల నుంచి వచ్చినవారే. మనిషిని మాయ ముందు కదలకుండా నిలబెట్టాలని పూనుకున్నవాళ్లు దూరదేశాల్లో ఉన్నా ఒకే ఉపాయానికి చేరారు అంటున్నాను. ఒక్క తేడా మాత్రం పెద్దది. దాస్తాన్‌లో నాయకుడు చివరికి గెలుస్తాడని శ్రోతకు తెలుసు. నా దగ్గర ఆ భరోసా లేదు. గెలుపు ఆడేవాడి చేతుల్లోనే ఉంటుంది.

అందుకే హైదరాబాదులో ఆటలు తయారుచేసేవారిని అడుగుతున్నాను: నా దయ్యాలను అరువు తెచ్చుకోకండి. హమ్జానూ మాంత్రికుల రాజు అఫ్రాసియాబ్‌నూ ఆటలోకి తీసుకురండి. మొదటి అంకాన్ని చార్మినార్ లోపలి మెలికల మెట్ల మీద మొదలుపెట్టండి.