ఓనరున్న పాట

ఒకప్పుడు పల్లెపాట క్యాసెట్టెక్కాలంటే కంపెనీవాళ్ల గడప తొక్కాలి. చేతిలో ఒక్కసారికి ఇంత అని పెట్టి సంతకం చేయించుకునేవాళ్లు. ఆ తర్వాత పాట ఎన్ని ఊళ్లలో మోగినా పాడిన గొంతుకు పైసా రాదు. ఇప్పుడు ఆ గడప లేదు. సొంతంగా పాడుకునేవాళ్ల సీడీలు అమ్మిపెట్టడానికి 1998లో అమెరికాలో సీడీ బేబీ మొదలైంది. ఇవాళ అలాంటి సంస్థలు బోలెడు. పాట ఫైలు, ఒక చదరపు బొమ్మ, కొంత రుసుము పంపితే స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ అన్నిట్లోకీ పాటను వాళ్లే చేరుస్తారు. ఐఎస్ఆర్‌సీ అని ప్రతి రికార్డింగుకూ 12 అక్షరాల, అంకెల గుర్తు కూడా ఇస్తారు. కరీంనగర్‌లో చిన్న స్టూడియో నడుపుకునే నాకు ఇంతకన్నా మంచి కాలం వస్తుందని ఎన్నడూ అనిపించలేదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

ఆ నమ్మకంతోనే సిరిసిల్ల వైపు ఊరి పిల్లవాడొకడు వాళ్ల నాయనమ్మను బండెక్కించుకొని వచ్చాడు. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ల కొసలు నున్నబడిపోయిన మనిషి. ఊరంతా అవ్వ అనే పిలుస్తుందట, నేనూ అలాగే పిలిచాను. హెడ్‌ఫోన్స్ పెడితే తీసి పక్కన పెట్టింది. తాళం కోసం చెవిలో వినిపించే టిక్కుటిక్కు శబ్దం ఆమెకు అడ్డమైంది. "చప్పట్లు కొట్టకుంటె నాకు పాట రాదు బిడ్డా" అంది. మైకు ముందు చప్పట్లు కొడితే గొంతు మీద పడుతుంది, ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. నేను మైకు కొంచెం పైకి జరిపి, ఆ చప్పట్లను అలాగే ఉంచేశాను. పండక్కి పుట్టింటికి పోలేని కోడలి పాట అది. ఆ చప్పట్లు తీసేస్తే ఆ పాటలో సగం ప్రాణం పోతుంది.

పాట అయ్యాక పిల్లవాడు ఫోనులో ఫారం తెరిచాడు. గాయని పేరు దగ్గర ఇబ్బంది లేదు. రచయిత ఎవరు, స్వరకర్త ఎవరు అన్న గళ్లు వచ్చాయి. వాటిని ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు.

"ఈ పాట ఎవలు రాసిన్రే, నాయినమ్మా?"

"రాసుడేంది? మా అవ్వ కాడ నేర్సుకున్న. నాట్లేసేటప్పుడు మా వదినె రెండు సరణాలు గట్టింది. మానేరు వాగు ముచ్చట నేను గలిపిన."

"గంతమందిని ఏడ రాయాలె?" అని పిల్లవాడు నావైపు చూశాడు. జానపదం అని రాయమన్నాను. కొద్దిసేపు ఆలోచించి తన పేరు కొట్టాడు. రచనా తనే, స్వరమూ తనే, హక్కుదారూ తనే.

చివర్లో ఇంకో చిన్న గడి ఉంది. యూట్యూబ్ వాళ్ల కంటెంట్ ఐడీలో చేర్చాలా అని. అందులో టిక్కు పెడితే, లోకంలో ఎవరు ఆ పాటతో వీడియో పెట్టినా యంత్రం పసిగట్టి, దాని మీద వచ్చే ప్రకటనల డబ్బును హక్కుదారు ఖాతాకు మళ్లిస్తుంది. అది పూర్తిగా తనదైన పాటకే పెట్టాలి, పదిమంది సొత్తయిన పాటకు పెట్టకూడదు అని నిబంధన ఉంది. అదే చెప్పాను.

"మనం తాళమెయ్యకుంటె ఇంకెవడో ఏస్తడన్నా" అన్నాడు. వాడి భయం ఉత్తిది కాదు. పల్లెపాటకు డీజే దరువు తగిలించి, ముందుగా రిజిస్టర్ చేసుకొని, అసలు పాడినవాళ్ల వీడియో మీదే క్లెయిమ్ వేసినవాళ్లను మేమిద్దరం చూశాం. టిక్కు పెట్టాడు. ఆ గడికి అవ్వ వదినె సంగతి తెలియదు, మానేరు సంగతీ తెలియదు. ఎవరు టిక్కు పెడితే వాళ్లనే నమ్ముతుంది.

పాట బాగా నడిచింది. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1,000 సార్లు వినబడని పాటకు డబ్బు లేదు, చిన్నవాళ్ల పాటలు చాలావరకు ఆ గీత దగ్గరే ఆగిపోతాయి. ఇది దాటింది. బతుకమ్మ రోజుల్లో ఆడపిల్లల రీల్స్ నిండా అదే పాట. మొదటి డబ్బుతో పిల్లవాడు నాయనమ్మకు చీర కొనిచ్చి, కొన్నాళ్లకు దుబాయి వెళ్లిపోయాడు.

సద్దుల బతుకమ్మకు ఆ ఊరి యూత్ వాళ్లు మైకు సెట్టుకూ, లైవుకూ నన్ను పిలిచారు. చెరువు కట్ట మీద తంగేడు, గునుగు, బంతిపూలతో బతుకమ్మలు వరసగా పెట్టారు. అవ్వ అదే చీర కట్టుకొని వచ్చింది. ఆడవాళ్లు దారిచ్చారు. మైకు అందుకుని చప్పట్లకు చేతులు కలపబోయేసరికి యూత్ వాళ్ల యూట్యూబ్ చానల్ చూసుకునే కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, గా పాట వద్దు. ఇంకోటి పాడు."

"ఎందుకురా?"

"పోయినేడు గదే పాట బాక్సుల పెడితె మన చానల్ మీద క్లెయిమ్ పడ్డది. ఇడువుమని అడిగినం. మీకిడిస్తె అందరడుగుతరు అన్నడు."

"పాట ఇడుసుడేందిరా? అన్నది ఎవలు?"

"పాటకు ఓనరున్నడే అవ్వా."

కట్ట మీద ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. నాకు నోటిదాకా వచ్చింది. ఈ పాటలో మీ అమ్మ ఉంది, మీ వదినె ఉంది, నువ్వున్నావు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం పాడినవాళ్లకు కూడా రాయల్టీలో హక్కిచ్చింది. నిన్ను ఈ కట్ట మీద ఆపే హక్కు ఎవరికీ లేదు అని చెప్పడానికి ముందుకు నడిచాను. అవ్వ నన్ను చూడలేదు. కుర్రాడి చేతిలోని ఫోను వైపే చూస్తోంది.

"ఓనరు పేరు అండ్ల ఉన్నదా? నాకు సదువు రాదు, సదువు బిడ్డా."

కుర్రాడు తలవంచుకుని, ఇంటిపేరుతో సహా చదివాడు.

అవ్వ ముఖం వెలిగిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరి వైపూ తిరిగి చూసింది.

"మా మనుమడే! ఇన్నరా, గీ పాట మా పిలగానిదట!" అంది. మైకు కుర్రాడి చేతిలో పెట్టేసింది. "వానిదైతె నేనెట్ల పాడుత బిడ్డా? పాపం, ఎడారిల పని జేసి సంపాయించుకున్నడు."